కుడివైపు సీటు

పోయిన నెల మా అమ్మాయి నన్ను క్లాంగ్‌లో ఒక మాల్‌కి భోజనానికి తీసుకెళ్ళింది. కారు ఆపి లిఫ్టు వైపు నడుస్తుంటే, పార్కింగులో ఒక మూల తాళ్ళు కట్టి పాత కార్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఏదో క్లబ్బు వాళ్ళ ప్రదర్శనట. టోపీలు పెట్టుకున్న నడివయసు మగవాళ్ళు తమ బళ్ళను మెత్తని గుడ్డలతో తుడుస్తూ, పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకు తండ్రుల్లా తిరుగుతున్నారు. నాకు కార్ల మీద ఏ ఆసక్తీ లేదు. చివరి వరసలో ఆ బండి కనబడకపోతే దాటుకుని వెళ్ళిపోయేదాన్నే.

అదే రకం. చిన్న అమెరికా కారు, రెండే తలుపులు, వెనక భాగం కత్తితో కోసేసినట్టు ఏటవాలుగా. మాది ఆకుపచ్చది, ఇది నారింజ రంగు. స్టీరింగు మాత్రం మాదానికి లాగే ఎడమవైపు. దాని యజమాని చుట్టూ నలుగురు చేరి నవ్వుతున్నారు. "హనీమూన్‌కి కామెరాన్ కొండకి బయల్దేరాం. రెండు రోజులూ కిందనే బండి ఆగిపోయి, టాపా ఊళ్ళో వర్క్‌షాపు బెంచీ మీదే గడిచాయి" అని తమిళంలో చెబుతున్నాడాయన. "మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అయినా ఇలాంటి బండి మళ్ళీ రాదండీ."

నేను చూస్తూ నిలబడ్డానని ఆయనకి సరదా వేసింది. కుడివైపు తలుపు తెరిచి, "కూర్చోండి ఆంటీ, ఫోటో తీస్తాను" అన్నాడు.

నా కాలు కదల్లేదు. ఆగి ఉన్న బండి, పైగా ఇంజనే లేదేమో కూడా, నాకు తెలియదు. అయినా ఆ సీటు చూసి ఒక అడుగు వెనక్కి వేశాను.

"అమ్మా, ఏటైంది లా? ఫేసంతా చెమట" అని, ఈ మలాయి దేశంలో అందరిలా మాటకి 'లా' తగిలిస్తూ, మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది.

"మీ నానమ్మ బండి ఇలాంటిదే."

"నానమ్మ కారు నడిపేదా?"

నడిపేది. ఆ మధ్యాహ్నం భోజనం చేస్తూ దానికి సగం చెప్పాను. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు.

మా అత్త పొట్టి మనిషి. సీటు మీద రెండు దిండ్లు వేసుకుంటే తప్ప ఆవిడకి రోడ్డు కనబడేది కాదు. కుడి భుజం ఎడమదాని కన్నా కొంచెం దిగి ఉండేది. మెడలో ఎప్పుడూ కొలతల టేపు. వంట చేసేటప్పుడు, గుడికి వెళ్ళేటప్పుడు, చివరికి ఎవరింట్లోనో చావుకి వెళ్ళి వచ్చేటప్పుడు కూడా అది మెడలోనే ఉండేది. సుంగై సిపుట్ ఊరి చుట్టుపక్కల రబ్బరు ఎస్టేట్లలో పనిచేసేవాళ్ళ పిల్లలకి బడి బట్టలు కుట్టేది. తెల్ల చొక్కాలు, ఆడపిల్లలు వాటి మీద తొడుక్కునే నీలం పినఫోర్లు. ఎవరినీ టేపు పెట్టి కొలవగా నేను చూడలేదు. పిల్లను ఒకసారి వెనక్కి తిప్పి చూసి, "ఈ గుంట రెండేల్లలో సాగుతాది, మడత ఎక్కువొగ్గాల" అనేది. టేపు మరి ఎందుకని ఒకసారి అడిగాను. "అది ఉంటే జనం నమ్ముతారు లా" అంది.

నేను తెలుక్ ఇంటాన్ ఊరి పిల్లను. పెళ్ళయి ఆ ఇంటికి వెళ్ళేసరికే ఆ బండి వాకిట్లో ఉంది. మా మామ అంతకు ముందు ఎస్టేటు ఆఫీసులో గుమాస్తా, నేను వెళ్ళేసరికి రిటైరయ్యాడు. అక్కడికి ఏదో పని మీద వచ్చిన ఇంజనీరు దొర దేశం వెళ్ళిపోతూ వదిలేసిన బండిని ఆయన ముచ్చటపడి తెచ్చుకున్నాడు. దాని అసలు పేరు ఇంట్లో ఎవరి నోటా రాలేదు. అందరూ దాన్ని 'అమెరికా' అనేవారు. శనివారం పొద్దున్నే మామ పెరట్లోంచి కేకేసేవాడు.

"అమెరికా లేసినాదేటి?"

"నేదు, ఇంకా తొంగున్నాది" అనేది అత్త.

మామ దాన్ని ఒక్క ఏడాది నడిపాడు. ఒకరోజు మలుపులో ఇంజను ఆగిపోయి, స్టీరింగు బిగుసుకుని, బండి కల్వర్టు గోడకి కొట్టుకుంది. దెబ్బ కుడివైపు తగిలింది. ఆ సీట్లో ఉన్నది అత్త. భుజం ఎముక విరిగింది. మామకి గోరు కూడా ఊడలేదు. ఆ తరవాత ఆయన తాళంచెవి ముట్టుకోలేదు. బండిలో ఎక్కలేదు. దాని పక్కనుంచి నడవాల్సి వస్తే కొంచెం ఎడంగా నడిచేవాడు.

కొండల వైపు పోయే దారిలో ఉన్న ఎస్టేట్లకి రోజుకి రెండే బస్సులు. బట్టల మూటలతో వాటిలో ఎక్కనిచ్చేవారు కాదు. భుజం అతుక్కున్నాక అత్త ఎస్టేటు ఫుట్‌బాల్ మైదానంలో ఒక నెల రోజులు గుండ్రంగా తిరిగి డ్రైవింగు నేర్చుకుంది. అప్పటికి ఆవిడకి నలభై అయిదు దాటాయి. ఆ ఎస్టేటు ఇళ్ళ వరసల్లో కారు నడిపే ఆడమనిషి ఆవిడొక్కతే.

బండి జబ్బులన్నీ ఆవిడకి కుట్టుమిషను భాషలోనే తెలిసేవి. ఇంజను చప్పుడు మారితే తల పక్కకి వంచి, "కుట్టు తప్పతంది" అనేది. వేడెక్కి ఆగిపోతే దిగి, కత్తెర దూర్చి బానెట్ తెరిచి, లోపల ఒక గొట్టం మీద తడిగుడ్డ వేసేది. "జొరం దిగాల" అని పది నిమిషాలు రోడ్డు పక్కన నిలబడేది. కిటికీ అద్దం జారిపోకుండా బట్టలారేసే క్లిప్పు. నేను కూర్చునే కుడివైపు తలుపు గొళ్ళెం సరిగా పడేది కాదు, దాన్ని నీలం పినఫోరు గుడ్డ పేలికతో సీటుకి కట్టేది. ఆ ముడి విప్పితే గాని నేను దిగలేను. బట్టలిచ్చే చోట ఇంజను ఆపేది కాదు, ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. కిటికీలోంచే మూట అందించి, కిటికీలోంచే పిల్ల తల్లితో మాట్లాడేది.

బండితో మాత్రం ఇక్కడి మలాయి భాషలో మాట్లాడేది. "జలాన్, సాయంగ్, జలాన్" అని స్టీరింగు నిమిరేది. నడువమ్మా, నా బంగారు, నడువు అన్నట్టు. అదేం భాషని నవ్వితే, "దానికి తెలుగు రాదు. మనకి దాని ఇంగిలీసు రాదు. మద్దిలో మలాయి ఉన్నాది కదా" అనేది.

బండెక్కే ముందు నోట్లో ఒక లవంగం వేసుకునేది. తిరిగి ఇంటికి వచ్చేదాకా అది బుగ్గనే ఉండేది. అలవాటనుకున్నాను.

పెళ్ళయిన రెండో నెల నుంచి శనివారాలు నన్ను తోడు తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. మా ఆయనకి ఇపో పట్నంలో ఫ్యాక్టరీ పని, శనివారం కూడా షిఫ్టు. మూటలు అందించడానికి తీసుకెళుతోందనుకున్నాను. మొదటి శనివారమే అసలు పని తెలిసింది.

ఇక్కడ బళ్ళన్నీ ఎడమ పక్కన నడుస్తాయి, స్టీరింగు కుడివైపు ఉంటుంది. అమెరికాకి స్టీరింగు ఎడమవైపు. ముందు లోరీ ఉంటే, నడిపే మనిషికి దాని వెనక భాగం తప్ప ఇంకేమీ కనబడదు. ఎదురుగా ఏం వస్తోందో చూడగలిగేది కుడివైపు సీట్లో కూర్చున్న మనిషే. ఆ దారంతా ఇరుకు, మలుపులు. కొండల్లోంచి దుంగలు మోసుకొచ్చే లోరీలు నత్తల్లా పాకుతుంటాయి. అలాంటి లోరీ వెనక చేరి, అత్త నా వైపు చూడకుండా అడిగింది.

"ఏటైనా వస్తందా?"

నాకు అర్థం కాలేదు.

"తల బయటికెట్టి సూడే అమ్మీ. వస్తంటే వస్తందను. నేకపోతే నేదను."

తల బయట పెట్టాను. దుమ్ము, పొగ. దూరంగా ఖాళీ రోడ్డు. "లేదత్తా" అన్నాను. నా మాట పూర్తి కాకముందే ఆవిడ బండిని కుడికి తిప్పేసింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, తనూ ఒకసారి చూద్దామని మెడ సాచలేదు. లోరీ చక్రాలు ఒక చెయ్యంత దూరంలో తిరుగుతున్నాయి. ఎదుటి రోడ్డంతా నా మీదకి వస్తోంది. ఆ వైపు ఉన్నది నేను, నాకు ఇవతల ఆవిడ. నేను ఏదైనా చూడకపోయి ఉంటే? మలుపు వెనక ఏదైనా ఉంటే? దాటేసి ఎడమకి వచ్చాక గాని నేను ఊపిరి తీసుకోలేదు.

ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం బొత్తాలు కుడుతూ రేపు వాన పడితే బావుణ్ణనుకునేదాన్ని. వాన పడినా ఆవిడ వెళ్ళేది. బండిలో పేలిక ముడి మీద ఒక చెయ్యి, కిటికీ అంచు మీద ఒక చెయ్యి. 'లేదు' అనే ముందు రెండుసార్లు, మూడుసార్లు చూసేదాన్ని. కొన్నిసార్లు రోడ్డు ఖాళీగా ఉన్నా 'వస్తోంది' అనేసేదాన్ని. ఆవిడ "సరి, ఆగుదాం" అని లోరీ వెనకే పోయేది.

డిసెంబరు వచ్చింది. జనవరిలో బడులు తెరుస్తారు, బట్టలన్నీ అందించాలి. వెనక సీటు నిండా మూటలు. ఎత్తు ఎక్కుతున్న దారిలో దుంగల లోరీ ఒకటి మా ముందు పడింది. అత్త అడిగింది. నేను చూశాను. పైన మలుపు దాకా రోడ్డు శుభ్రంగా ఉంది. మళ్ళీ చూశాను.

"లేదత్తా."

ఆవిడ కుడికి తీసింది. లోరీ పక్కన సగం దాకా వచ్చాం. అప్పుడు ఇంజను ఆగిపోయింది.

దగ్గలేదు, వణకలేదు, దీపం ఆర్పినట్టు ఆగిపోయింది. ఒక్కసారిగా నిశ్శబ్దం, పక్కన లోరీ మూలుగు మాత్రమే. పైన మలుపులోంచి బస్సు వచ్చింది. దాని ముందు అద్దం మీద వేలాడుతున్న పూలదండ నాకు కనబడింది. డ్రైవరు నోరు తెరిచి ఉండడం కనబడింది. హారను వినబడిందో లేదో గుర్తు లేదు. నేను 'వస్తోంది' అని అరిచేలోపే అత్త కుడిచెయ్యి వచ్చి నా రొమ్ముకి అడ్డంగా పడింది, ఆ విరిగి అతికిన భుజపు చెయ్యే. ఎత్తు కావడం మా అదృష్టం. బండి నడక చచ్చిపోయింది, లోరీ ముందుకు సాగిపోయింది, ఆవిడ ఒంటి చేత్తో స్టీరింగుని ఎడమకి లాగింది. మేము లోరీ వెనక గడ్డిలోకి దొర్లాం. బస్సు గాలి నా జుట్టు చెదరగొట్టుకుంటూ పోయింది.

తరవాత ఆవిడ తలుపు తెరిచి, దిగి, చెట్టు పట్టుకుని వాంతి చేసుకుంది. మళ్ళీ మళ్ళీ చేసుకుంది. నేను పేలిక ముడి విప్పడానికి ప్రయత్నిస్తే వేళ్ళు ఆడలేదు. అందుకే లోపలే కూర్చుని ఆవిడ వీపు చూస్తూ ఉన్నాను. ఆ లవంగం ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

నోరు కడుక్కుని వచ్చి, కిందపడిన చొక్కాలు ఏరి దులిపి మడతపెట్టింది.

"నువ్వు సరిగ్గానే సెప్పినావు. అది దాని బుద్ది. ఇంట్లో సెప్పకు, మీ మామకి తెలిస్తే మనిసి ఉండడు."

తడిగుడ్డ వేసి, పది నిమిషాలాగి, బండిని బతిమాలి లేపింది. మిగిలిన ఎస్టేట్లకి కూడా వెళ్ళి బట్టలిచ్చే వచ్చాం.

నాకు అప్పటికి మూడో నెల. ఎవరికీ చెప్పలేదు, పండగకి వెళ్ళాక పుట్టింట్లో ముందు చెబుదామనుకున్నాను. తరవాతి శనివారం పొద్దున అత్త తాళంచెవి తీసుకుని, "ఎల్దామా" అనగానే నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"అత్తా, నాకు నెల తప్పింది. మూడో నెల."

ఎంత సంతోషంగా చెప్పాల్సిన మాట. నేను దాన్ని అడ్డం పెట్టుకున్నాను. అత్త నా ముఖం వైపు చూసింది. పిల్లల్ని వెనక్కి తిప్పి చూసినప్పుడు చూసే చూపు అది, మడత ఎంత ఒదలాలో తెలిసిపోయే చూపు. కడుపూ, దాని వెనక దాక్కున్న భయమూ, ఆవిడకి రెండూ తెలిసిపోయాయి.

"ఒలమ్మా, ఎంత సల్లని మాట సెప్పినావు" అంది. నా నెత్తి మీద చెయ్యి వేసింది. "నువ్వు ఇంటికాడుండు." ఒక మూట తీసి కుడివైపు సీట్లో పెట్టి, పేలికతో తలుపు కట్టి, ఒక్కతే వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ నన్ను రమ్మనలేదు.

పన్నెండింటికి తిరిగొచ్చే మనిషి రెండింటికి, మూడింటికి రావడం మొదలుపెట్టింది. ఎందుకింత ఆలస్యమంటే, "లోరీలు లా" అనేది. నేను వంట చేస్తూ ప్రతి బండి చప్పుడుకీ వాకిట్లోకి వచ్చేదాన్ని. మామ అరుగు మీద తమిళ పేపరు పట్టుకుని కూర్చునేవాడు. పెళ్ళాం ఎండలో తిరుగుతుంటే ఈయన పేపరు చదువుకుంటున్నాడని లోపల విసుక్కునేదాన్ని. ఒక శనివారం కాఫీ ఇచ్చి, గంట తరవాత గ్లాసు తీయడానికి వెళితే ఆయన అదే పేజీ పట్టుకుని ఉన్నాడు. కాఫీ చల్లారిపోయి మీగడ కట్టింది.

జనవరి చివర్లో ఒక శనివారం పొద్దున్నించీ వాన. మూడయింది, మూడున్నరయింది. మామ పేపరు పక్కన పెట్టి, గొడుగు తీసుకుని గేటు దాటాడు. నేనూ ఇంకో గొడుగుతో వెనకే వెళ్ళాను. పెద్దరోడ్డు కలిసే చోట ఇద్దరం నిలబడ్డాం. నా కళ్ళ ముందు ఆ బస్సు దండే ఊగుతోంది. నేను ఒక్క మాట అని ఉంటే, పద అత్తా వస్తానని ఉంటే... అనుకుంటూ, కడుపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

అప్పుడు దుంగల లోరీ ఒకటి వచ్చింది, మనిషి నడిచినంత నెమ్మదిగా. దాని వెనక అమెరికా. దాని వెనక కార్లు, వ్యాన్లు, మోటారు సైకిళ్ళు ఇరవై దాకా, అన్నీ హారన్లు కొడుతూ. అత్త రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, లోరీ వెనక దీపాల వైపు రెప్ప వేయకుండా చూస్తూ మా ముందు నుంచే పోయింది. మమ్మల్ని చూడలేదు. వెనక వ్యానువాడు కిటికీలోంచి తల బయటపెట్టి మలాయిలో తిట్టాడు. నడపడం రానివాళ్ళు ఇంట్లో కూర్చోవాలన్నాడు.

మామ గొడుగు కింద అలాగే నిలబడిపోయాడు.

"కొండకాడ్నించీ ఆ లోరీ ఎనకాలే వచ్చినాది. ఒక్కదాన్నీ దాటనేదు." అన్నాడు. "దాటాలంటే పక్కన మనిసుండాల కదా."

నేను ఆయన ముఖం చూడలేకపోయాను.

మరుసటి శనివారం పొద్దున అత్త మూటలు సర్దుతుంటే, ఆఫీసు రోజుల నాటి తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు. కుడివైపు సీట్లో ఉన్న మూట తీసి వెనక పడేశాడు. ఎక్కి కూర్చుని, తలుపు పేలిక తనే కట్టుకున్నాడు. రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకున్నాడు. చొక్కా అప్పటికే వీపుకి అంటుకుపోయింది.

అత్త తాళంచెవి పట్టుకుని చాలాసేపు ఆయన్నే చూసింది. తరవాత దిండ్ల మీద సర్దుకుని కూర్చుంది. కాని బండి తీయలేదు.

"ఏటి, తియ్యవేటి?" అన్నాడు మామ.

"మరి కళ్ళు తెరు."

వాళ్ళు వెళ్ళాక నేను వాకిట్లోంచి లోపలికి రాలేదు. ఆ రోజు ఇద్దరి కోసం భయపడ్డాను. పదకొండున్నరకి బండి చప్పుడైంది. మామ పేలిక విప్పుకుని, దిగి, ఎటూ చూడకుండా అరుగు దాకా నడిచి కూలబడ్డాడు. నీళ్ళిస్తే సగం చొక్కా మీదే పోసుకున్నాడు.

వంటింట్లో అత్త లవంగం ఉమ్మేసి ముఖం కడుక్కుంటోంది.

"మామ అంత భయపడుతున్నాడే, ఆయన మాట మీద ఎలా దాటావత్తా?" అని అడిగాను.

"బయపడినోడే సరిగ్గా సూస్తాడు లా" అంది ఆవిడ, టేపు కొసతో కళ్ళు తుడుచుకుంటూ. "దైర్యమున్నోడు ఒకసారి సూసి పో అంటాడు. ఈయన నాలుగుసార్లు సూసినాడు." నా వైపు తిరక్కుండా అంది, "నిన్ను ఏల కూకోబెట్టినాననుకున్నావు మరి?"

కాన్పయ్యాక, పిల్ల నడిచాక, ఆ బండి పూర్తిగా కూలబడే లోపు ఇంకా ఎన్నో శనివారాలు వచ్చాయి. కొన్ని శనివారాలు మామకి ఒంట్లో బాగుండేది కాదు, అత్త ఒక్కతే వెళ్ళేది. నేను ఆ సీటు మళ్ళీ ఎక్కలేదు.